ముంగట రెక్కలా, తోక రెక్కలా? విమానం నుంచి వదిలే క్షిపణికి ఏది మేలు?

నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కినవాళ్లు ఒక సంగతి గమనించే ఉంటారు. గట్టు పక్కన ఆగి ఉన్న లాంచీని నడిపే మనిషి చుక్కానిని ఒక్కసారిగా తిప్పెయ్యడు. ముందు లాంచీని నెమ్మదిగా కొంత దూరం పోనిస్తాడు. గట్టుకీ లాంచీకీ మధ్య నీళ్లు కాస్త వెడల్పయ్యాక అప్పుడు తిప్పుతాడు. చుక్కాని ఉన్నది వెనక కాబట్టి ఆ జాగ్రత్త. లాంచీ ముక్కు ఎడమకు తిరగాలంటే ముందు తోక కుడికి జరగాలి. కుడి పక్కనే గట్టు ఉంటే తోక పోయి గట్టుకు తగులుతుంది.

మా మేనల్లుడు హైదరాబాద్‌లో ఏరోనాటికల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాడు. సంక్రాంతి సెలవులకు నల్లగొండ వచ్చి, "మామా, మిసైల్‌కు తిరిగే రెక్కలు ముంగట ఉంటే మేలా, ఎనక ఉంటే మేలా? ప్రాజెక్టుకు ఏదో ఒకటి తేల్చుకోవాలె" అన్నాడు. నాకు వెంటనే గుర్తొచ్చింది ఆ లాంచీయే. నేను డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. పుట్టి పెరిగింది సాగర్ పైలాన్ కాలనీలో. విమానం రెక్క కింద క్షిపణిని తగిలించే దిమ్మెను కూడా పైలాన్ అనే అంటారని తెలిసిన రోజు నుంచి ఈ విషయం మీద నాకు మక్కువ. వాడితో నాలుగు రోజులు మాట్లాడింది, ఇంట్లో ఫ్యాన్ ముందు పెట్టి చూసింది కలిపి రాస్తున్నాను.

ముందు ఒక అపోహ తీసెయ్యాలి. క్షిపణిని పక్కకు నెట్టేది ఆ తిరిగే చిన్న రెక్కలేనని చాలామంది అనుకుంటారు. చాలా క్షిపణుల్లో అవి చేసేది ఒళ్లును గాలికి ఓరగా పెట్టడం వరకే. ఓరగా నిలబడ్డాక పొడవాటి ఒళ్లు, దానికి అతికిన కదలని రెక్కలు కలిసి గాలిని ఒక పక్కకు తోస్తాయి, గాలి వాటిని ఇంకో పక్కకు తోస్తుంది. బస్సు కిటికీలోంచి అరచెయ్యి బయటపెట్టి కాస్త ఓరగా తిప్పితే చెయ్యి పైకి లేస్తుంది కదా, అదే ఇది. ఈ ఓర కోణాన్ని పుస్తకాల్లో యాంగిల్ ఆఫ్ అటాక్ అంటారు. మంచి మలుపు కావాలంటే పెద్ద ఓర కోణం కావాలి. రెక్కలు ఎక్కడ పెట్టాలన్న తగువంతా ఆ పెద్ద కోణాన్ని తెచ్చుకుని అదుపులో ఉంచుకోవడం గురించే.

మలుపు ఎంత కష్టమో ఒక లెక్క చూడండి. సెకనుకు 900 మీటర్ల వేగంతో పోయే క్షిపణి 30 జీల బలంతో (ఒక జీ అంటే దాని సొంత బరువంత బలం) తిరిగినా దాని మలుపు వ్యాసార్థం దాదాపు 2,750 మీటర్లు. సెకనుకు 300 మీటర్లతో పోయే యుద్ధ విమానం 9 జీలతోనే 1,020 మీటర్లలో తిరుగుతుంది. వేగం మూడింతలైతే వ్యాసార్థం తొమ్మిదింతలు కావాలి, క్షిపణి జీలు ఎక్కువ కాబట్టి దాన్ని మూడింతల లోపుకు తెచ్చుకుంటుంది. పైగా పది కిలోమీటర్ల ఎత్తులో గాలి సాంద్రత నేల దగ్గరి దాంట్లో మూడో వంతే. అడ్డుపడే గాలి తక్కువ కాబట్టి క్షిపణి దూరం పోతుంది. తిరగడానికి పట్టు దొరకాల్సింది కూడా ఆ పల్చటి గాలిలోనే. విమానం నుంచి వదిలే క్షిపణికి ఈ లాభం, ఈ ఇబ్బంది రెండూ జంటగానే వస్తాయి.

ముందు రెక్కలు

ముక్కుకు కాస్త వెనక నాలుగు చిన్న తిరిగే రెక్కలు, తోక దగ్గర నాలుగు పెద్ద కదలని రెక్కలు. దీన్ని కెనార్డ్ పద్ధతి అంటారు. అమెరికావాళ్ల సైడ్‌వైండర్ మొదటి రకాల నుంచి ఎం రకం దాకా ఇలాగే ఉండేది. 1958లో తైవాన్ జలసంధి మీద జరిగిన పోరులో మొదటిసారి వాడిన క్షిపణి అది.

దీని అందం దాని సౌకర్యంలో ఉంది. లక్ష్యాన్ని చూసే సీకర్, దిశ లెక్కగట్టే ఎలక్ట్రానిక్స్, రెక్కలు తిప్పే యంత్రం అన్నీ ముక్కు దగ్గరే సర్దుకుంటాయి. వెనకంతా రాకెట్ మోటారుకే వదిలెయ్యొచ్చు. పైగా ముందు రెక్క పైకి తోస్తే ముక్కు పైకి లేస్తుంది, క్షిపణి కూడా పైకే పోతుంది. లాంచీ తోక గట్టుకు తగిలే గొడవ ఇందులో లేదు, మొదటి క్షణం నుంచీ కావలసిన వైపుకే కదలిక.

ఇబ్బంది ఎక్కడంటే, ఒళ్లు 15 డిగ్రీలు ఓరగా ఉన్నప్పుడు ముందు రెక్కను ఇంకో 10 డిగ్రీలు తిప్పితే ఆ రెక్కకు గాలి 25 డిగ్రీల కోణంలో తగులుతుంది. రెండూ కూడుకుంటాయి. కోణం ఒక హద్దు దాటితే గాలి రెక్క పైతట్టును అంటిపెట్టుకోలేక విడిపోతుంది, రెక్క స్టాల్ అవుతుంది. గట్టిగా తిరగాల్సిన సమయంలోనే ముందు రెక్క చేతులెత్తేస్తుందన్నమాట.

రెండో ఇబ్బంది నాకు ఇంకా ఆసక్తిగా అనిపిస్తుంది. ముందు రెక్కల చివర్ల నుంచి గాలి సుడులు పుట్టి వెనక్కి సాగుతాయి, వెనక రెక్కల మీద పడతాయి. క్షిపణి నిటారుగా పైకి మాత్రమే తిరిగితే కుడి ఎడమలకు సమానంగా పడతాయి, పర్వాలేదు. పైకీ పక్కకూ కలిపి తిరిగితే ఒక వెనక రెక్క మీద ఎక్కువ, ఇంకోదాని మీద తక్కువ పడి క్షిపణి తన చుట్టూ తాను దొర్లడం మొదలుపెడుతుంది. ఆ దొర్లుడును ముందు రెక్కలతోనే ఆపుదామని చూస్తే, వాటి నుంచి వచ్చే కొత్త సుడులు వెనక రెక్కల మీద ఎదురు పని చేస్తాయి. సైడ్‌వైండర్ చేసినవాళ్లు దీనికి వేసిన ఉపాయం చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. వెనక రెక్కల చివర చిన్న పళ్ల చక్రాలు బిగించారు, పేరు రోలెరాన్లు. ఎదురుగాలికి అవి బొంగరంలా తిరుగుతాయి. క్షిపణి దొర్లబోతే తిరిగే చక్రం గైరోస్కోప్ గుణంతో తన తట్టును వంచి, ఆ దొర్లుడుకు అడ్డంగా గాలిని తోస్తుంది. కరెంటు లేదు, లెక్క లేదు, ఒక చక్రం అంతే.

మేం ఇంట్లో చూసింది ఇదే. అంగుళం పీవీసీ పైపు ముక్క ఒకటి, పాత ప్లాస్టిక్ ఫైలు కత్తిరించి రెక్కలు. పెడస్టల్ ఫ్యాన్ గాలి సుడులు తిరుగుతూ వస్తుంది కాబట్టి, సోడా బండి దగ్గర అడిగి తెచ్చిన స్ట్రాలను కట్టగా కట్టి అడ్డం పెట్టాం. గాలి ఆ గొట్టాల్లోంచి కాస్త తిన్నగా వస్తుంది. పైపును దాని గరిమనాభి దగ్గర, అంటే ముందూ వెనకా బరువు సరితూగే చోట, దారంతో వేలాడదీశాం. రెక్కలు ముందు మాత్రమే అతికించినప్పుడు పైపు గిర్రున తిరిగి తోకను గాలికి ఎదురు పెట్టింది. వెనక రెక్కలు కూడా అతికించాక బాణంలా ముక్కును ఫ్యాన్ వైపు పెట్టి నిలబడింది. ఆ తర్వాత ముందు రెక్కలను కొంచెం తిప్పితే పైపు ఓరగా నిలిచింది. ఇంకొంచెం తిప్పితే ఇంకొంచెం ఓరగా. మరీ తిప్పితే ఇక పెరగలేదు. వెనక రెక్కలకు అతికించిన తెల్ల దారపు ముక్కలు, అప్పటిదాకా రెక్కను అంటుకుని ఉన్నవి, ముందు రెక్కకు సరిగ్గా వెనకున్న చోట మాత్రం లేచి కొట్టుకోసాగాయి. మా వాడు సుడుల గురించి రెండు సెమిస్టర్లు చదివాడు, కళ్లతో చూడటం మాత్రం అదే మొదటిసారి. చాలాసేపు అక్కడి నుంచి లేవలేదు.

మధ్య రెక్కలు

దీని గురించి కొద్దిగా చెప్తే చాలు. ఒళ్లు మధ్యలో, గరిమనాభికి దగ్గరగా ఉన్న పెద్ద రెక్కలనే తిప్పడం ఈ పద్ధతి. అమెరికా స్పారో ఇలాంటిదే. నేల మీద నుంచి వదిలే మన ఆకాశ్ కూడా ఇలాంటిదే. ఒళ్లు ఓరగా తిరిగేదాకా ఆగక్కర్లేదు, రెక్క తిప్పగానే బలం వస్తుంది. ఒళ్లు దాదాపు తిన్నగానే ఉంటుంది కాబట్టి, ఆకాశ్‌లాగా గాలి పీల్చుకునే ర్యామ్‌జెట్ ఇంజను ఉంటే దానికి గాలి సరిగ్గా అందుతుంది. కానీ అంత పెద్ద రెక్కను ఆ గాలివేగంలో తిప్పాలంటే బలమైన, బరువైన యంత్రం కావాలి. అది కూడా ఒళ్లు మధ్యలోనే కూర్చుంటుంది. పెద్ద రెక్కల సుడులు తోక మీద పడే గొడవ ఎలాగూ ఉంది. విమానం మోసుకుపోయే క్షిపణికి ప్రతి కిలో లెక్కే. ఈ కాలపు గాలి నుంచి గాలికి కొట్టే క్షిపణుల్లో ఇది దాదాపు వెనకబడిపోయింది, అది న్యాయమేనని నా అభిప్రాయం.

తోక రెక్కలు

మన అస్త్ర ఈ తెగది. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ రూపొందించింది, హైదరాబాద్ కేంద్రంగా ఉన్న భారత్ డైనమిక్స్ తయారు చేస్తోంది. పొడవు 3.84 మీటర్లు, వ్యాసం 178 మిల్లీమీటర్లు, బరువు 154 కిలోలు. పొడవు వ్యాసానికి 21 రెట్లకు పైనే, అంత సన్నం. ఒళ్లు మధ్యలో నాలుగు కురచ రెక్కలు కదలకుండా ఉంటాయి, తోక దగ్గరి నాలుగు చిన్న ఫిన్లు తిరుగుతాయి. సుఖోయ్ 30 నుంచి 2014 మేలో మొదటిసారి వదిలారు. 2022 మే 31న రక్షణ శాఖ 2,971 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది. ఎదురుగా వచ్చే లక్ష్యాన్ని వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి కొట్టగలదని చెప్తారు. అంటే ఇంచుమించు నల్లగొండ నుంచి హైదరాబాద్ దాకా.

తోక రెక్కల లెక్క ముందు రెక్కలకు పూర్తిగా ఎదురు. ముక్కు పైకి లేవాలంటే తోకను కిందికి తొయ్యాలి, అంటే ఫిన్‌ను ఒళ్లు తిరిగే వైపుకు ఎదురుగా తిప్పాలి. ఒళ్లు 15 డిగ్రీల ఓరలో ఉంటే, ఫిన్‌ను 10 డిగ్రీలు ఎదురు తిప్పితే దానికి గాలి తగిలే కోణం 5 డిగ్రీలే. కూడుకోవడం లేదు, తీసివేత. ఒళ్లు ఎంత ఓరగా పోయినా ఫిన్ స్టాల్‌కు దూరంగా, పట్టు కోల్పోకుండా ఉంటుంది. సుడుల ఇబ్బంది కూడా తక్కువ. తిరిగే రెక్కల వెనక ఇక పాడయ్యే రెక్కలు లేవు కాబట్టి దొర్లుడును కూడా ఆ నాలుగు ఫిన్లతోనే ఆపొచ్చు.

ఖర్చు లేదా అంటే ఉంది. లాంచీ తోకలాగా, మొదటి క్షణంలో క్షిపణి కావలసిన వైపుకు కాకుండా రవ్వంత ఎదురు వైపుకు జరుగుతుంది. ఆ తర్వాతే ఒళ్లు ఓరగా నిలిచి అసలు బలం అందుకుంటుంది. దాన్ని నడిపే ఆటోపైలట్ లెక్క ఈ ఎదురు కదలికను ముందే ఊహించి పని చెయ్యాలి. ఫిన్లు తిప్పే యంత్రాన్ని రాకెట్ నాజిల్ (మంట బయటికొచ్చే మూతి) చుట్టూ, ఆ వేడిలో, ఉంగరంలా సర్దాలి. ముక్కు దగ్గరి ఎలక్ట్రానిక్స్ నుంచి తోక దాకా వైర్లు మోటారులోంచి పోలేవు కాబట్టి ఒంటి బయట సన్నటి తొడుగు కప్పి లాగుతారు. క్షిపణి ఫొటోను దగ్గరగా చూస్తే ఒళ్లు వెంట గీతలా ఉబ్బెత్తుగా కనిపించేది అదే.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. మోటారు వెనక ఉంటుంది, అందులోని ఇంధనం కాలేకొద్దీ వెనక బరువు తగ్గుతుంది, గరిమనాభి ముందుకు జరుగుతుంది. క్షిపణి అంతకంతకూ బాణంలా మొండిగా తిన్నగా పోవాలని చూస్తుంది. మోటారు కాలేది కొన్ని సెకన్లే, ఆ తర్వాత దారంతా ఉన్న వేగం మీదే పోవాలి. తీసుకున్న ప్రతి మలుపూ ఆ వేగాన్ని తినేస్తుంది. చివర్లో, మొండిగా మారిన ఒంటితో, మిగిలిన కాస్త వేగంతో పెద్ద ఓర కోణం తెచ్చుకోగలగాలి. గాలికి తక్కువ అడ్డుపడే సన్నటి ఒళ్లు, కురచ రెక్కలు, స్టాల్ కాని తోక ఫిన్లు, ఈ మూడూ ఒకచోట దొరికేది ఈ పద్ధతిలోనే. దూరం కొట్టే క్షిపణికి తోకే మేలని నేను గట్టిగా అంటాను. అమెరికా అమ్రామ్, ఫ్రెంచివాళ్ల మికా, మన అస్త్ర, యూరప్ మీటియార్ అన్నీ తోకనే నమ్ముకున్నాయి. మీటియార్‌కు గాలి పీల్చే ఇంజను ఉంది కాబట్టి, విమానంలా ఒక పక్కకు ఒరిగి తిరిగి, గాలి నోళ్లకు ఇబ్బంది రాకుండా చూసుకుంటుంది.

దగ్గరి పోరుకు మాత్రం లెక్క కొంచెం మారుతుంది. విమానానికి బిగించిన పట్టాల మీద నుంచి ఇప్పుడే జారిన క్షిపణికి ఇంకా వేగం లేదు, వేగం లేనప్పుడు ఏ రెక్కకూ గాలిలో పట్టు దొరకదు. మన మిగ్ 29లు, సుఖోయ్‌లు మోసే రష్యన్ ఆర్ 73 దీనికి ముందు రెక్కలతో పాటు నాజిల్ దగ్గర మంటను పక్కకు మళ్లించే పలకలు కూడా పెట్టుకుంది. ముందు రెక్కలకు ఇంకా ముందు చిన్న కదలని పలకలు, వెనక రెక్కల మీద దొర్లుడు ఆపే ఆకులు, ఇలా ఒంటి నిండా ఏర్పాట్లే. 105 కిలోల క్షిపణి మీద అంత పనితనం. సైడ్‌వైండర్ ఎక్స్ రకం ఏం చేసిందో చూడండి. ముందు రెక్కలను కదలకుండా బిగించేసి, తిరిగే పనిని తోక ఫిన్లకూ, మంట మళ్లించే పలకలకూ అప్పగించింది. యాభై ఏళ్లకు దగ్గరగా ముందు రెక్కలతో బతికిన వంశం చివరికి తోకకు వచ్చిందంటే, మా వాడికి నేను చెప్పిన వాదనల్లో అన్నిటికన్నా బలమైనది అదే అనుకుంటాను.

పలకా, జల్లెడా?

తోక ఫిన్ అని తేలాక అది మామూలు పలకలా ఉండాలా, రష్యన్ ఆర్ 77కు ఉన్నట్టు జల్లెడలా ఉండాలా అన్నది వాడి తర్వాతి ప్రశ్న. 2023 అక్టోబర్ 21న ఇస్రో గగన్‌యాన్ క్రూ ఎస్కేప్ పరీక్ష టీవీలో చూసినవాళ్లకు జల్లెడ ఫిన్లు తెలిసే ఉంటాయి. గాలి వచ్చే వైపుకు జల్లెడ మందం చాలా తక్కువ కాబట్టి తిప్పడానికి చిన్న మోటారు చాలు. ఒంటికి ఆనించి మడిచెయ్యొచ్చు కూడా. ఓర కోణం బాగా పెరిగినా పట్టు వదలదు. కానీ ధ్వని వేగం దగ్గర జల్లెడ గదుల్లో గాలి ఇరుక్కుని అడ్డుపాటు విపరీతంగా పెరుగుతుంది. విమానం మోసుకుపోయేది సుమారుగా ఆ వేగంలోనే. దారి చివర్లో క్షిపణి వేగం పడిపోయి చేరుకునేది కూడా ఆ వేగాల వైపే. రాడార్‌కు కూడా జల్లెడ బాగా మెరుస్తుంది. వాయుసేన కోసం అయితే నేను పలకనే ఎంచుకుంటాను.

జారవిడవడమా, పడేయడమా?

రెక్కలు ఎంత మంచివైనా క్షిపణి ముందు విమానాన్ని క్షేమంగా విడిచి రావాలి. పట్టా మీద నుంచి వదిలితే మోటారు అక్కడే అంటుకుని క్షిపణి తిన్నగా ముందుకు జారుతుంది. తేలికపాటి వాటికి, రెక్క చివర తగిలించే వాటికి ఇదే మేలు. మన జాగ్వార్లు క్షిపణిని రెక్క మీద, పైవైపున మోస్తాయి. అక్కడ కిందికి పడేసే వీలే లేదు. కానీ పట్టా బరువు విమానం మోయాలి. మోటారు పొగ విమానం ఇంజనులోకి పోకుండా చూసుకోవాలి.

బరువైన వాటిని పడెయ్యాల్సిందే. సుఖోయ్ కడుపు కింద వేలాడే బ్రహ్మోస్ బరువు 2.5 టన్నులు. 2017 నవంబర్ 22న బంగాళాఖాతం మీద మొదటిసారి దాన్ని వదిలారు. ముందు విమానం నుంచి విడిపోయి కిందికి పడింది, ఆ తర్వాతే మోటారు అంటుకుంది. ఊరికే పడే వస్తువు అర సెకనులో 1.2 మీటర్లు, ఒక సెకనులో 4.9 మీటర్లు దిగుతుంది. ఆ కొద్ది దూరంలోనే విమానం కింద గాలి వంకరటింకరగా ప్రవహిస్తుంటుంది. ముక్కును పైకి తోసిందంటే క్షిపణి తిరిగొచ్చి విమానానికే తగలొచ్చు. బెంగళూరులోని విమాన పరిశోధన సంస్థ ఎన్‌ఏఎల్‌లో ఉన్న 1.2 మీటర్ల విండ్ టన్నెల్ (నమూనా మీదికి వేగంగా గాలి వదిలే సొరంగం) లాంటి చోట్ల చిన్న నమూనాలతో ఇలాంటి లెక్కలే తేలుస్తారు. విమానానికి ఎడం అయ్యేదాకా ఫిన్లను పెద్దగా తిప్పనివ్వరు. తోక ఫిన్లకైతే ఇది మరీ అవసరం, ఎందుకంటే ముందు జరిగేది తోకే. లాంచీ మనిషి గట్టు దాటేదాకా చుక్కాని తిప్పకపోవడం మా వాడికి అప్పుడు గుర్తుచేశాను.

సెలవులు అయిపోయేసరికి వాడు తోక ఫిన్లు, మధ్యలో కురచ రెక్కలు, పలక రకం అని తేల్చుకుని వెళ్లాడు. వారం తర్వాత ఫోన్ చేశాడు. "మామా, తోక దగ్గర ఫిన్లు తిప్పే నాలుగు సర్వో మోటార్లు పట్టడం లేదు, మధ్యలో నాజిల్‌కు చోటు మిగలడం లేదు" అన్నాడు. ఇప్పుడు పైపును అంగుళం నుంచి అంగుళంన్నరకు మార్చి, పొడవును కూడా ఆ లెక్కన పెంచి, గరిమనాభిని మళ్లీ మొదటి నుంచి లెక్కగట్టుకుంటున్నాడు.